పాత కారు ఇంజనులో నూనె కారుట – కారణము కనుగొను విధానము, నివారణ

పెంకుటింటిలో వాన చినుకు మంచముపై పడినంతమాత్రమున, సరిగా దానిపైననే పెంకు పగిలినదని అనుకొనరాదు. నీరు ఎక్కడనో దిగి, వాసము వెంట జారి, మరియొక చోట చుక్కగా రాలును. ఇది ఎరిగిన రైతు నిచ్చెన వేసికొని పైనుండి వెదకును. కాని అదే రైతు తన కారు క్రింద నూనె మరక చూచినప్పుడు మాత్రము, మరకకు పైనున్న భాగమునే విప్పించును. డబ్బు ఖర్చగును, నూనె మాత్రము కారుచునే యుండును. ఈ పొరపాటును ఎట్లు తప్పించుకొనవలెనో ఈ వ్యాసములో తెలిసికొందము.

ఖమ్మము నగరములోని ఖానాపురం హవేలిలో ఒక మిర్చి రైతుకు పాత అంబాసిడరు కారు కలదు. రాత్రి నిలిపిన చోట తెల్లవారుసరికి అరచేయంత నల్లని మరక కనబడుచుండెను. అతని కుమార్తెను భద్రాచలము అవతల గ్రామములో ఇచ్చినారు. ఆమెకు నెలలు నిండవచ్చినవి. ఏ రాత్రి పిలుపు వచ్చినను, కొత్తగూడెము, పాల్వంచల మీదుగా సుమారు 120 కిలోమీటర్లు పోవలెను. అందులో కొంత దారి అడవి. ఇంజను మధ్యలో పట్టుకొనిపోయిన యెడల దిక్కేమి?

"సారూ, రెండుసార్లు చాంబరు దింపించిన. కొత్త ప్యాకింగు ఏయించిన. మళ్ళా అట్లనే కారుతున్నది. బండిని అమ్ముకొమ్మంటున్నరు" అని అతడు నాతో చెప్పినాడు.

"ఇంజనును కడిగి చూచినారా?" అని అడిగితిని. కడుగలేదనినాడు. చికిత్స అక్కడనే మొదలుపెట్టితిమి.

నూనె ఏల కారును?

ఇంజను అనేక ముక్కలు బోల్టులతో బిగించి కూర్చిన యంత్రము. రెండు ముక్కల మధ్య కార్కు, కాగితము లేక రబ్బరు ప్యాకింగు ఉండును. తిరుగు ఇరుసులు బయటకు వచ్చుచోట ఆయిల్ సీలు ఉండును. ఏండ్ల తరబడి వేడికి కార్కు ఎండి కుంచించుకొనిపోవును, రబ్బరు గట్టిపడి పగులును, అదురుకు బోల్టులు వదులగును. ఇది అన్ని పాత ఇంజనులకు సహజము.

అంబాసిడరు విషయములో మరియొక సంగతి ఎరుగవలెను. బ్రిటనులోని మారిస్ ఆక్స్‌ఫర్డు కారును అనుసరించి తయారైన ఈ కారు నిర్మాణము పశ్చిమబెంగాలులోని ఉత్తరపారా కర్మాగారములో 2014లో ఆగిపోయినది. దీని 1489 సి.సి. పాత పెట్రోలు ఇంజనుకు వెనుక కొసన రబ్బరు సీలు లేదు. క్రాంకు షాఫ్టుపై చెక్కిన మరలు, షాఫ్టు తిరుగునప్పుడు నూనెను లోనికే త్రోసివేయును. ఇంజను ఆగినప్పుడు ఆ మరలు పనిచేయవు గనుక రెండు మూడు చుక్కలు రాలుట దోషము కాదు. 1992 తరువాత వచ్చిన ఇసుజు ఇంజను వేరు. మీ బండిలో ఏ ఇంజను ఉన్నదో మొదట తెలిసికొనుడు.

కారునది ఏ నూనె?

కారు నిలుపు చోట రాత్రి తెల్లని అట్టముక్కను పరచి, ముందు చక్రముల స్థానములను దానిపై గుర్తించుడు. ఉదయము మరకను చూచి, వ్రేలితో తాకి, వాసన చూడుడు.

1. నల్లగనో గోధుమరంగుగనో జిడ్డుగా నుండి, ఇంజను క్రింద పడిన యెడల అది ఇంజను నూనె.
2. మిక్కిలి చిక్కగా నుండి, గంధకపు వాసన వచ్చుచు, గేరుబాక్సు లేక వెనుక ఇరుసు క్రింద పడినచో అది గేరు నూనె.
3. పలుచగా నుండి, చక్రముల లోపలివైపునగాని పెడలు క్రిందగాని పడినచో అది బ్రేకు నూనె కావచ్చును. అట్టి బండిని బాగుచేయించువరకు నడుపరాదు.
4. జిడ్డులేని నీరైనచో రేడియేటరును చూడవలెను.

అట్టపై మరక లేకయే డిప్‌స్టిక్కులో నూనె తగ్గుచు, పొగగొట్టమునుండి నీలిపొగ వచ్చినచో, నూనె కారుటలేదు, లోపల కాలిపోవుచున్నది. దానికి ప్యాకింగులు మార్చి ప్రయోజనము లేదు.

మొదట ఊపిరి గొట్టము చూడుడు

ఇంజను తిరుగునప్పుడు పిస్టను రింగుల ప్రక్కనుండి కొంత ఆవిరి చాంబరులోనికి దిగును. అది బయటకు పోవుటకు బ్రీదరు అను గొట్టము కలదు. నూనె పోయు మూతలో తీగజాలి యుండు బండ్లును కలవు. ఇవి మడ్డితో పూడినచో లోపలి ఒత్తిడి పెరిగి, మంచి ప్యాకింగులగుండ కూడ నూనెను బయటకు నెట్టును. తూము మూసిన చెరువు కట్టకు ఊటలు పుట్టినట్లే ఇదియును. కావున ప్యాకింగులు కొనకముందే గొట్టమును, జాలిని కిరసనాయిలుతో కడిగి, గాలి పోవునట్లు చేయవలెను.

ఇంజను తిరుగుచుండగా నూనె మూత తీసి చూడుడు. కొంచెము ఆవిరి వచ్చుట సహజము. గుప్పుగుప్పున పొగ కొట్టినచో రింగులు అరిగినవని అనుమానించి, మెకానిక్కుచేత పరీక్ష చేయించవలెను. నూనెను గుర్తుకు మించి పోయుటయు కారుటకు ఒక కారణమే.

కడిగి, పొడి చల్లి, పైనుండి వెదకుట

ఇంజను చల్లారిన తరువాత పంపిణీ మూతను, డైనమోను ప్లాస్టికు సంచితో కప్పుడు. కిరసనాయిలు లేక డీజిలులో ముంచిన కుంచెతో మడ్డినంతయు రుద్ది, గుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరనిండు. పెట్రోలుతో ఎన్నడును కడుగరాదు. అది చిన్న నిప్పురవ్వకే అంటుకొనును. ఆరిన తరువాత అనుమానమున్న చోట్ల పలుచగా ముఖపౌడరుగాని సుద్దపొడిగాని చల్లి, పది పదిహేను నిమిషములు ఇంజనును నడిపి ఆపుడు. తెల్లని పొడిపై మొదట తడి ఎక్కడ కనబడునో అదియే చిల్లు. ఇంజను నడుచునప్పుడు చేతులను, పంచెను, కండువాను ఫాను బెల్టుకు దూరముగా నుంచవలెను.

రెండు సూత్రములు మరువరాదు. నూనె పైనుండి క్రిందకు జారును. బండి నడుచునప్పుడు ఫాను గాలికి ముందునుండి వెనుకకు పోవును. కావున తడిసిన భాగములలో అన్నిటికన్న ఎత్తున, అన్నిటికన్న ముందున నున్నదానినే మొదట పట్టుకొనవలెను. వెదకవలసిన వరుస ఇది: టాపెట్ మూత, ఇంజను ప్రక్కమూతలు, పెట్రోలు పంపు అడుగు, నూనె ఒత్తిడి స్విచ్చి, దాని గొట్టము, ఫిల్టరు, ముందు పుల్లీ వెనుక సీలు, చాంబరు అంచు, డ్రెయిను బోల్టు, చివరకు క్లచ్ పెట్టె.

ఖానాపురం హవేలి కారులో తేలినది ఇదియే. నూనె టాపెట్ మూత వెనుక మూలనుండి ఉబికి, ఇంజను వీపున జారి, చాంబరు అంచున వ్రేలాడి చుక్కగా పడుచుండెను. బ్రీదరు గొట్టము మడ్డితో సగము మూసుకొనిపోయి యుండెను. రెండుసార్లు దింపిన చాంబరుకు ఏ దోషమును లేదు.

బాగుచేయు విధానము

టాపెట్ మూత: పాత కార్కును గీకి, రెండు అంచులను శుభ్రముగా తుడువవలెను. రేకు అంచు వంగినచో చదునైన చెక్కపై నుంచి మెల్లగా కొట్టి సరిచేయవలెను. 1489 సి.సి. అంబాసిడరులో ఈ మూతను పైన రెండు నట్లే పట్టియుంచును. వాటి క్రింది రబ్బరులనుకూడ మార్చవలెను. గట్టిగా బిగించిన కొలది నూనె ఆగునను నమ్మకము తప్పు. అతిగా బిగించిన కార్కు నలిగి చీలును, రేకు వంగును. బోల్టులు ఎక్కువగా నున్న మూతలను ఎదురెదురు మూలల వరుసలో కొంచెము కొంచెముగా బిగింపవలెను.

అంటుపేస్టు: పలుచని పూత చాలును. ఎక్కువ పూసినచో లోపలికి పిండబడిన ముక్కలు ఊడి, నూనె పంపు జాలికి అడ్డుపడి, ఇంజనుకే ప్రాణాపాయము తెచ్చును.

డ్రెయిను బోల్టు: ఇక్కడ రాగి వాషరు ఉన్నచో, దానిని ఎర్రగా కాల్చి నీటిలో వేసిన మరల మెత్తబడును. కొత్తది దొరకినచో వేయుటయే మేలు. బోల్టు మరలు పాడగునంత బిగింపరాదు.

ఫిల్టరు: పాత రబ్బరు వలయము ఇంజనుకే అంటుకొని మిగిలియుండవచ్చును. దానిపై కొత్తది బిగించిన యెడల నూనె ధారగా పోవును. పాతదానిని తీసి, కొత్త వలయమునకు నూనె రాసి బిగింపుడు.

ముందు సీలు: పెదవి నూనెవైపునకు ఉండునట్లు అమర్చి, పెదవికి గ్రీజు రాయవలెను. పుల్లీ మెడపై గాడి పడియుండినచో కొత్త సీలు వేసినను కారును. అట్టిచో పుల్లీకి సన్నని తొడుగు వేయింపవలెను.

క్లచ్ పెట్టెనుండి నూనె ఎక్కువగా పడినను, క్లచ్ జారినను ఇంటివద్ద చేయదగిన పని కాదు. గేరుబాక్సు దింపవలసి యుండును. అయితే బ్రీదరును శుభ్రపరచి, పైభాగములన్నియు పొడిగా నున్నవని నిర్ధారించుకొనిన తరువాతనే అంత ఖర్చుకు పూనుకొనుడు.

బండి క్రిందకు పోవునప్పుడు జాకీ ఒక్కదానినే నమ్మి దూరరాదు. చక్రములకు రాళ్ళు అడ్డుపెట్టి, ఇరుసుల క్రింద గట్టి స్టాండ్లు నిలుపవలెను.

దీపము వెలుగువరకు ఆగరాదు

నూనె దీపము ఒత్తిడి పడిపోయినప్పుడే వెలుగును. అప్పటికే బేరింగులు ఎండియుండవచ్చును. వెలిగిన వెంటనే ఇంజను ఆపవలెను. వారమునకొకసారి, దూరప్రయాణమునకు ముందు తప్పక, సమతలమున బండిని నిలిపి, కొన్ని నిమిషములు ఆగి, డిప్‌స్టిక్కు చూడుడు. తేదీ, కిలోమీటర్లు, పోసిన నూనె ఒక పుస్తకములో వ్రాసికొనినచో నష్టము పెరుగుచున్నదో లేదో తెలియును. పాత ఇంజనుకు దాని పుస్తకములో చెప్పిన చిక్కదనముగల నూనెనే వాడుడు. కొత్త కార్ల పలుచని నూనె పాత సీళ్ళగుండ తేలికగా జారును. పొగగొట్టముపై నూనె పడుచుండిన బండిని వేసవిలో ఎండుటాకులపై నిలుపరాదు.

2024 సెప్టెంబరు మొదట్లో మున్నేరు పొంగి ఖమ్మములో అనేక వాహనములు నీట మునిగినవి. అట్లు మునిగిన బండి నూనె మజ్జిగవలె తెల్లబడియున్నచో, ఇంజనును త్రిప్పక, నూనెను, ఫిల్టరును మార్పించవలెను.

పల్లె ప్రగతి కాలములో గ్రామపంచాయతులు కొనిన ట్రాక్టర్లకును, బావులపై డీజిలు ఇంజనులకును ఈ పద్ధతియే వర్తించును. పంచాయతి కార్యదర్శులు డ్రైవరుచేత ఇట్టి పుస్తకము నడిపించుట మంచిది.

తీసిన పాత నూనెను కాలువలోగాని, బావి దగ్గరగాని, చేనులోగాని పారబోయరాదు. పశువుల పుండ్లకు పూయరాదు. దానిలో హానికర పదార్థములు చేరియుండును. మూతగల డబ్బాలో పోసి, పాత నూనె సేకరించు అనుమతిగల వారికి ఈయవలెను. రాలిన నూనెపై రంపపుపొట్టు లేక ఊక చల్లి ఎత్తివేయవలెను.

ఖానాపురం హవేలి రైతు కారుకు చివరకు వేసినవి ఒక కార్కు ప్యాకింగు, రెండు రబ్బరులు మాత్రమే. మూడు వారముల తరువాత రాత్రివేళ పిలుపు వచ్చినది. అతడు డిప్‌స్టిక్కు చూచుకొని, భార్యను ఎక్కించుకొని బయలుదేరి, తెల్లవారకముందే భద్రాచలము చేరినాడు. తిరిగివచ్చిన మరునాడు కారు క్రింది అట్టను నాకు చూపినాడు. దానిపై రెండు చుక్కలు మాత్రమే ఉన్నవి.

"ఇవి వెనక మరలవి సారూ, పోనీయుండ్రి" అని నవ్వినాడు. మనుమరాలు పుట్టినదని అప్పుడే చెప్పినాడు.