తుపాకీని పడవకెందుకు బిగించారు?

వర్జీనియాలోని షాంటిలీలో తెలుగు కుటుంబాలకు కొదవ లేదు. అక్కడి నుంచి తూర్పుకి వెళ్తే చెసపీక్ అఖాతం వస్తుంది. 19వ శతాబ్దంలో అక్కడ బాతుల వేట పెద్ద వ్యాపారం. కాన్వాస్‌బ్యాక్ బాతు మాంసమంటే నగరాల హోటళ్లు ఎగబడేవి.

కొందరు వేటగాళ్ల ఆయుధం పంట్ గన్. గొట్టం పది అడుగులు, బరువు 45 కిలోలు దాటినవీ ఉండేవి. మూతి వెడల్పు 5 సెంటీమీటర్ల దాకా! తుపాకిమందు దట్టించి, అర కిలో సీసపు గుళ్లు పోసేవారు. మందు మండితే పుట్టే వాయువుల ఒత్తిడి వెనకవైపే ఎక్కువ. అందుకే అక్కడ గొట్టం మందంగా ఉంటుంది.

భుజాన పెట్టి పేలిస్తే మనిషి ఎగిరి పడాల్సిందే. అందుకే అడుగు చదునుగా ఉన్న చిన్న పడవకు బిగించారు. గురి పెట్టాలంటే తిప్పాల్సింది తుపాకీని కాదు, పడవని! వేటగాడు బోర్లా పడుకుని, చిన్న తెడ్లతో చప్పుడు కాకుండా గుంపు దగ్గరికి చేరేవాడు. పేలగానే పడవ వెనక్కి జారేది. న్యూటన్ మూడో సూత్రమే ఇది.

ఒక్క దెబ్బకు యాభై బాతులు పడిన సందర్భాలున్నాయి. గుంపులు తరగక ఏం చేస్తాయి? 1918 నాటి వలస పక్షుల ఒప్పంద చట్టం అమ్మకం కోసం వేటాడడాన్ని ఆపేసింది. ఇప్పుడక్కడ బాతుల వేటకు 10 గేజ్ కంటే పెద్ద తుపాకీ వాడకూడదు. దాని గొట్టం లోపలి వెడల్పు 2 సెంటీమీటర్ల లోపే.