గోడ మీది ముఖం మనల్ని ఎందుకు కదిలిస్తుంది?

కొన్నేళ్ల క్రితం మా డిగ్రీ విద్యార్థులను కొందరిని హైదరాబాద్ మాదాపూర్‌లోని స్టేట్ ఆర్ట్ గ్యాలరీకి తీసుకువెళ్లాను. అక్కడ ఛాయాచిత్రాల ప్రదర్శన జరుగుతోంది. ఒక గోడ నిండా మనుషుల ముఖాలే. వాటిలో ఒక వృద్ధురాలి చిత్రం ఉంది. నలుపు తెలుపు ప్రింటు. భృకుటి ముడిపడి ఉంది, పెదవులు బిగించి ఉన్నాయి. మా పిల్లల్లో ఒక అమ్మాయి దాని ముందు చాలాసేపు నిలబడింది. దగ్గరికి వెళ్లి చూస్తే కళ్లు తుడుచుకుంటోంది. "ఆవిడ ఏడుపు ఆపుకుంటోంది మేడమ్" అంది. వెనకాల ఉన్న అబ్బాయి వెంటనే, "ఏడుపేం కాదు, ఎదురెండకి కళ్లు చిట్లించింది, అంతే" అన్నాడు. మిగతావాళ్లు నవ్వారు. ఆ అమ్మాయి మాత్రం నవ్వలేదు. తిరుగు ప్రయాణంలో బస్సులో నా పక్కన కూర్చుని అడిగింది: "కాగితం మీద బొమ్మే కదా మేడమ్, నాకెందుకు ఏడుపొచ్చింది?"

ఆరోజు నేను చెప్పిన జవాబు నాకే తృప్తిగా అనిపించలేదు. ఈ పాఠంలో ఆ ప్రశ్నను మళ్లీ తీసుకుందాం.

ముందు కంటి సంగతి చూద్దాం. మన కన్ను ఎదుట ఉన్నదంతా ఒకేసారి స్పష్టంగా చూడదు. చెయ్యి చాచి బొటనవేలు పైకెత్తండి. ఆ గోరు ఎంత మేర కప్పుతుందో, రెటీనా మధ్యభాగం సుమారుగా అంత మేర మాత్రమే పదునుగా చూడగలదు. అందుకే కన్ను సెకనుకు రెండు మూడుసార్లు గెంతుతూ ఉంటుంది. ఈ గెంతులు ఎక్కడ ఆగుతాయో 1950, 60 దశకాల్లో రష్యా శాస్త్రజ్ఞుడు అల్‌ఫ్రెడ్ యార్బస్ నమోదు చేశాడు. ఒక బాలిక ఛాయాచిత్రం చూపించి, చూసేవారి కంటి కదలికలను గీతలుగా గీయించాడు. గీతలన్నీ ఆమె కళ్ల మీదా పెదవుల మీదా చిక్కుపడిపోయాయి. జుట్టు, బుగ్గలు, మెడ దాదాపు ఖాళీ. అంటే చిత్రంలో ఎక్కువ భాగాన్ని మనం చూసీ చూడనట్టు వదిలేస్తాం. మనకు కావలసింది కళ్లు, నోరు.

ఈ ఆసక్తి నేర్చుకున్నది కాదు. పుట్టిన కొద్ది గంటల్లోనే పసిబిడ్డ, కళ్లూ ముక్కూ నోరూ వాటి స్థానాల్లో ఉన్న బొమ్మ వైపు, అవే గుర్తులు చెదరిపోయిన బొమ్మ వైపు కంటే ఎక్కువగా తల తిప్పుతుంది. పెద్దయ్యాక మెదడు అడుగుభాగాన, చెవికి కాస్త వెనకగా, ముఖాలు చూసినప్పుడు ప్రత్యేకంగా చురుకయ్యే ఒక ప్రాంతం ఉంటుంది. 1997లో నాన్సీ కాన్‌విషర్ బృందం దాన్ని స్కానింగ్ ద్వారా చూపించింది. ఆ ప్రాంతానికి దెబ్బ తగిలితే కుర్చీనీ చెట్టునీ గుర్తుపట్టే మనిషి కన్నతల్లి ముఖాన్ని గుర్తుపట్టలేకపోవచ్చు. గొంతు వింటేనే ఎవరో తెలుస్తుంది.

ఇంకొక వింత. మీ ఇంట్లో గోడ మీద తాతగారి ఫొటో ఉండే ఉంటుంది. దండ వేసి, కుంకుమ బొట్టు పెట్టి ఉంచినది. మనలో చాలామందికి అదే మొదటి గ్యాలరీ. చిన్నప్పుడు ఆ గదిలో ఏ మూలకు వెళ్లినా తాతగారు మననే చూస్తున్నట్టు అనిపించలేదూ? ఇందులో మాయ ఏమీ లేదు. నిజమైన మనిషి ముందు నుంచి మీరు పక్కకు జరిగితే అతని చెవి కనిపిస్తుంది, ఒక చెంప పెరుగుతుంది, నల్లగుడ్డుకి ఒకవైపు తెల్లభాగం ఎక్కువవుతుంది. ఫొటో చదునైన తలం. మీరు ఎటు జరిగినా అందులో కొత్తగా ఏదీ బయటపడదు. నల్లగుడ్డు తెల్లభాగం నడుమ ఉన్నచోటే ఉంటుంది. కనుక 'ఇతను నన్నే చూస్తున్నాడు' అని మెదడు తేల్చేస్తుంది. కోతి జాతుల్లో కంటి తెల్లభాగం ఇంతగా బయటికి కనిపించేది మనిషికే. మన చూపు ఎటు ఉందో ఎదుటివారికి తెలియడం మన జాతికి అంత అవసరమైంది.

గ్యాలరీలో ఈ ప్రభావం ఇంకా పెరగడానికి కారణం ప్రింటు పరిమాణం. మనిషి తల ఎత్తు సుమారు 23 సెంటీమీటర్లు. ప్రింటులో ముఖం 46 సెంటీమీటర్లు ఉండి, మీరు 2 మీటర్ల దూరంలో నిలబడితే, మీ కంటి దగ్గర అది చేసే కోణం ఒక మీటరు దూరంలో ఉన్న నిజమైన మనిషి ముఖంతో సమానం. ఒక మీటరు దూరానికి మనం ఎవరిని రానిస్తాం? ఇంటివాళ్లను, స్నేహితులను. ఒక అపరిచితుడు ఆ దూరంలో నిలబడి రెప్పవేయకుండా చూస్తే మనం తల తిప్పుకుంటాం. ఫొటో ముందు ఆ అవసరం లేదు, ఎంతసేపైనా చూడవచ్చు. సెల్‌ఫోన్ తెర మీద అదే చిత్రం బొటనవేలంత ఉంటుంది. అక్కడ కదలని మనసు గ్యాలరీలో ఎందుకు కదిలిందంటే ఇది ఒక కారణం. వెలుతురు కూడా చూడండి. ఛాయాచిత్రాలు వెలిసిపోకుండా గ్యాలరీలు కాంతిని 50 లక్స్‌కు అటూ ఇటూగా తగ్గించడం పరిపాటి. మీ తరగతి గదిలో ఉండవలసిన దానికంటే అది చాలా తక్కువ. ఆ మసక వెలుగులో జనం గుసగుసలాడతారు.

కెమెరా దూరం కూడా ఒక మాట చెబుతుంది. ముక్కు చివరి నుంచి చెవి దాకా సుమారు 12 సెంటీమీటర్లు అనుకుందాం. సెల్ఫీలో కెమెరా ముక్కుకు 30 సెంటీమీటర్ల దూరంలో ఉంటే, చెవికి 42. ముక్కు, చెవితో పోలిస్తే 1.4 రెట్లు పెద్దదిగా పడుతుంది. అదే కెమెరా మీటరున్నర దూరం నుంచి తీస్తే ఆ నిష్పత్తి 162 బై 150, అంటే 1.08 మాత్రమే. స్టూడియో ఫొటోగ్రాఫర్లు దూరం జరిగి, నాభ్యంతరం ఎక్కువ ఉన్న కటకం వాడేది ఇందుకే. సెల్ఫీ చూసుకుని తన ముక్కు పెద్దదని దిగులుపడే విద్యార్థులు ఈ లెక్క ఒకసారి వేసుకోవాలి.

ఇప్పుడు ఆ పాత నిజాం కాలపు చిత్రాల దగ్గరికి వెళదాం. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడు రాజా దీన్ దయాళ్ పేరు మీరు విని ఉంటారు. 1844లో మీరట్ దగ్గర సర్ధనలో పుట్టి, రూర్కీలో ఇంజనీరింగు చదివి, సికింద్రాబాద్‌లో స్టూడియో నడిపాడు. పరదా పాటించే స్త్రీల కోసం 1892లో హైదరాబాద్‌లో ప్రత్యేకంగా జెనానా స్టూడియో తెరిచి, దాన్ని ఒక ఆంగ్ల మహిళకు అప్పగించాడు. ఆయన స్టూడియోకు చెందిన 2,857 గాజు నెగెటివ్‌లు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో ఉన్నాయి. ఆ కాలపు ముఖాలు చూస్తే, ఇంత గంభీరంగా, ఇంత విషాదంగా ఉన్నారేమిటి అనిపిస్తుంది. అందులో కొంత రసాయనశాస్త్రం వల్ల వచ్చిన విషాదం! ఆనాటి ప్లేట్ల మీది వెండి లవణాలకు నీలం, ఊదా, అతినీలలోహిత కాంతి బాగా తెలుసు. ఎరుపు దాదాపు తెలియదు. అందువల్ల ఎర్రని కుంకుమ నల్లగా పడుతుంది. గోధుమరంగు చర్మం ఉన్నదానికంటే నల్లబడుతుంది, కళ్ల కింది నీడలు మరింత చిక్కబడతాయి. పైగా తొలిరోజుల్లో కొన్ని సెకన్లపాటు కదలకుండా కూర్చోవాలి. నవ్వును అంతసేపు నిలబెట్టడం ఎవరి తరం? చేసి చూడండి, మూడో సెకనుకే అది నవ్వు కాకుండా పోతుంది.

నవ్వు అంటే గుర్తొచ్చింది. ఫ్రెంచి వైద్యుడు డ్యుషేన్ ముఖ కండరాలను ఒక్కొక్కటిగా సన్నని విద్యుత్తుతో కదిలించి, ఆ భంగిమలను ఫొటోలు తీయించి 1862లో ప్రచురించాడు. పెదవుల కొనలను పైకి లాగే కండరం మన ఆజ్ఞ వింటుందనీ, కంటి చుట్టూ ఉన్న కండరం మాత్రం నిజమైన సంతోషానికే సరిగా స్పందిస్తుందనీ చెప్పాడు. ఈ ఫొటోలు చార్లెస్ డార్విన్ చేతికి వచ్చాయి. ఆయన చేసిన పని చూడండి. డ్యుషేన్ రాసిన వివరణ తీసేసి, ఫొటోలను మాత్రం ఇరవై మందికి పైగా చూపించి, ఇది ఏ భావమో చెప్పమన్నాడు. కొన్ని చిత్రాల విషయంలో దాదాపు అందరూ ఒకే మాట చెప్పారు. కొన్నింటి విషయంలో తలో మాట చెప్పారు. 1872లో వెలువడిన తన పుస్తకంలో డార్విన్ నిజాయితీగా ఒప్పుకున్నాడు: వివరణ చదివి చూసినప్పుడు తనకు దాదాపు ప్రతి చిత్రమూ సరిగ్గా ఆ భావమే పలికినట్టు తోచిందని, వివరణ లేకుండా చూసి ఉంటే కొన్నింటి దగ్గర తానూ తికమకపడేవాడినని.

మా అమ్మాయి, అబ్బాయి వాదనకు ఇది సూటిగా తగులుతుంది. కనుబొమలను దగ్గరకు లాగి ముడివేసే కండరం ఒకటే. దుఃఖంలోనూ అదే బిగుస్తుంది, ఎదురెండలోనూ అదే బిగుస్తుంది. కనుక ఫొటోలో ఆ ముడి మాత్రమే చూసి ఎవరి మాట నిజమో తేల్చడం కష్టం. అయితే ఆ అమ్మాయి కన్నీళ్లు అబద్ధమా? కాదు. 1980 దశకపు తొలి ఏళ్లలో స్వీడన్ శాస్త్రజ్ఞుడు ఉల్ఫ్ డింబెర్గ్, ముఖాల ఫొటోలు చూసేవారి ముఖ కండరాల మీద ఎలక్ట్రోడ్లు పెట్టి కొలిచాడు. కోపంగా ఉన్న ముఖం చూస్తే చూసేవారి భృకుటి కండరం, నవ్వు ముఖం చూస్తే చెంప కండరం, పైకి కనిపించనంత స్వల్పంగా బిగుసుకున్నాయి. మనకు తెలియకుండానే ఎదుటి ముఖాన్ని మన ముఖం మీద కొంచెం తొడుక్కుంటామన్నమాట. ఆ కదలికే భావాన్ని కలిగిస్తుందా, భావం వెంట అది వస్తుందా అన్న వాదన శాస్త్రజ్ఞుల మధ్య ఇంకా తెగలేదు. కానీ ఆమె శరీరం ఆ చిత్రానికి జవాబిచ్చిందన్నది నిజం. తేలనిది ఒకటే, ఆ వృద్ధురాలి మనసులో ఏముందన్నది.

ఇది చిన్న విషయం అనుకోకండి. ప్రపంచంలో ఎక్కువమంది చూసిన ముఖచిత్రాల్లో ఒకటి, 1985 జూన్‌లో 'నేషనల్ జియోగ్రాఫిక్' పత్రిక అట్ట మీద వచ్చిన అఫ్ఘాన్ బాలికది. 1984లో పెషావర్ దగ్గరి నాసిర్ బాగ్ శరణార్థి శిబిరంలో, గుడారంలో నడిచే బడిలో స్టీవ్ మెకరీ తీశాడు. ఎర్రని ముసుగు, ఆకుపచ్చ కళ్లు. ఆ కళ్లలో శరణార్థుల భయం ఉందని అట్ట మీదే అచ్చువేశారు. లోకమంతా అవి చూసి చలించింది. ఆమె పేరు మాత్రం ఎవరికీ తెలియదు, మెకరీకి కూడా.

2002లో ఆమెను వెతికి పట్టుకున్నారు. పేరు షర్బత్ గులా. అప్పటికి పెళ్లయి పిల్లల తల్లి. ఆమే ఈమె అని ఎలా తేల్చారు? కంటి ఐరిస్ మీది గీతల అల్లికతో. కేంబ్రిడ్జి శాస్త్రజ్ఞుడు జాన్ డాగ్‌మన్ పాత ఫొటోలోని ఐరిస్‌ను కొత్త ఫొటోలోని ఐరిస్‌తో గణితపరంగా పోల్చి, ఇద్దరూ ఒకరే అని నిర్ధారించాడు. ఆధార్ నమోదు కేంద్రంలో మీ కళ్లను స్కాన్ చేసినప్పుడు జరిగేదీ ఇలాంటి పోలికే. లోకం భయాన్ని చదువుకున్న ఆ కళ్లే చివరికి ఆమెకు గుర్తింపు కార్డయ్యాయి.

ఆమె అప్పటిదాకా ఆ ఫొటోనే చూడలేదు. ఆ రోజు గురించి అడిగితే ఆమెకు గుర్తున్నది భయం కాదు, కోపం. ఎవరో పరాయి మగవాడు వచ్చి ఫొటో తీశాడన్న కోపం. పదిహేడేళ్లపాటు కోట్లమంది ఒక పిల్ల కోపాన్ని భయంగా చదివారు. 2016లో నకిలీ గుర్తింపు పత్రం కేసులో ఆమెను పాకిస్తాన్‌లో అరెస్టు చేసి అఫ్ఘానిస్తాన్‌కు పంపేశారు. ఆ ఫొటో తనకు మేలుకంటే ఇబ్బందులే ఎక్కువ తెచ్చిందని ఆ తర్వాత ఒక ఇంటర్వ్యూలో ఆమె అన్నది. 2021లో ఇటలీ ఆమెకు ఆశ్రయమిచ్చింది. నేను ఆ చిత్రాన్ని ఇప్పుడు చూసినా అది అద్భుతంగానే ఉంటుంది. కానీ ఇంతకుముందులా తేలిగ్గా చూడలేను.

కాబట్టి మీరు గ్యాలరీకి వెళితే ఒక పని చేయండి. చిత్రం పక్కన అతికించిన చీటీ వెంటనే చదవకండి. ముందు ముఖం చూడండి, మీకు ఏమనిపించిందో నోటుబుక్కులో రెండు మాటలు రాసుకోండి. ఆ తర్వాత చీటీ చదివి మళ్లీ చూడండి. ముఖం మారిందా? మారితే, మారింది కాగితం కాదు కదా.

గ్యాలరీ అందుబాటులో లేనివారు ఇంట్లోనే డార్విన్ ప్రయోగం చేయవచ్చు. గోడ మీది పాత ఫొటో ఒకటి ఎంచుకుని, ముగ్గురిని విడివిడిగా అడిగి రాసుకోండి. చివరగా, ఆ ఫొటో తీసిన రోజున అక్కడ ఉన్నవారు ఎవరైనా ఉంటే వారిని అడగండి. నేను మా అమ్మ పెళ్లినాటి ఫొటోతో ఇది చేశాను. అందులో అమ్మ ఒక చెంప మీద చెయ్యి ఆన్చి, కళ్లు దించి కూర్చుని ఉంటుంది. పుట్టింటిని వదిలి వస్తున్న దిగులు అని నేనెప్పుడూ అనుకునేదాన్ని. మా చెల్లెలు సిగ్గు అంది. మా అమ్మాయి ఆకలి అంది. ఎనభై దాటిన మా పెద్దత్త ఫొటోను కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూసి, "పంటి నొప్పే, ఇంకేముంది! ఆ రోజు పొద్దుటి నుంచీ లవంగం నములుతూనే ఉంది పాపం" అంది.