కట్టు కింద తెలుపు, పూత కింద రాగి

పోచంపల్లిలో చిటికి (ఇకత్) కట్టే ఇంటికి వెళ్తే ముందుగా కంటపడేది పాత సైకిలు ట్యూబు. దాన్ని సన్నటి పట్టీలుగా కోసి, చట్రానికి బిగించిన నూలు మీద గుర్తుల ప్రకారం గట్టిగా చుడతారు. రంగులో ముంచినప్పుడు కట్టు ఉన్నచోట తెలుపు తెలుపుగానే నిలుస్తుంది. ఆ రంగు ఎక్కడ మిగలాలో అక్కడ మళ్లీ కట్టి, ఇంకా ముదురు రంగులో ముంచుతారు. బొమ్మ అంతా ఆ కట్టులోనే ఉంటుంది.

నాలుగు వందల ఏళ్ల కిందట యూరప్‌లో బరోక్ చిత్రకారులు రాగిరేకు మీద చేసిన ఎచింగ్‌కూ ఇదే కిటుకు. మెరుగుపెట్టిన రేకును వేడిచేసి, మైనం, గుగ్గిలం, ఆస్ఫాల్ట్ కలిపిన పూత పలచగా పట్టించేవారు. మంట పొగ చూపించి దాన్ని నల్లబరిచేవారు. సూదితో గీరితే ఆ నలుపులో ఎర్రటి రాగి తళుక్కుమంటుంది. రాగిని కోసే పని లేదు, పూత లేస్తే చాలు. అందుకే కాగితం మీద కలం నడిచినంత తేలిగ్గా చేయి తిరుగుతుంది. ఉలితో రేకును చెక్కేవాడికి ఆ సుఖం లేదు.

కోసే పని ఆమ్లానిది. పూత లేచినచోట రాగి పరమాణువులు ఎలక్ట్రాన్లు వదిలేసి ద్రావణంలో కలిసిపోతాయి. నత్రికామ్లమైతే గీత వెంట బుడగలు పుడతాయి. వాటిని ఈకతో మెల్లగా తోసేస్తూ ఉండాలి, లేదంటే బుడగ ఆనినచోట గీత సరిగా తెగదు. ఇప్పుడు చాలామంది వాడే ఫెర్రిక్ క్లోరైడ్‌తో ఆ బెడద లేదు. ఎలక్ట్రాన్లను ఇనుము అయాన్లు లాక్కుంటాయి, వాయువు పుట్టదు.

ఎంతసేపు ఉంచితే గీత అంత లోతు; ఆ లోతులో సిరా నింపి తడి కాగితం మీద అచ్చొత్తితే అంత నలుపు. దూరపు కొండలు లేతగా ఉండాలంటే రేకును కాసేపటికే బయటికి తీసి, ఆ గీతల మీద వార్నిష్ పూసి, మళ్లీ ఆమ్లంలో పెట్టాలి. మన రెండో కట్టు అదే! నేటి ఫ్రాన్స్‌లోని లొరేన్‌కు చెందిన జాక్ కలో (1592–1635) ఇందులో దిట్ట. గీతలు దగ్గరదగ్గరగా పడితే మెత్తటి మైనం పెచ్చులూడి ఆమ్లం లోపలికి దూరేది. ఆయన ల్యూట్ వాద్యాలకు పూసే గట్టి వార్నిష్ తెచ్చి వాడాడు. 1633లో వచ్చిన యుద్ధ దృశ్యాల్లో అరచేతి ఎత్తు రేకు మీద గుంపులు గుంపులుగా జనాన్ని నిలబెట్టగలిగాడు. దాదాపు 300 రేకులు చేసిన రెంబ్రాంట్ మెత్తటి పూతనే ఇష్టపడ్డాడు. ఆ గీతల్లోని చనువు నాకు మరీ నచ్చుతుంది.

కట్టు కిందికి రంగు కొద్దిగా జారితే చీరకు ఆ ఈకలాంటి అంచు వస్తుంది, అదే ఇకత్ అందం. రాగి మీద పూత కిందికి ఆమ్లం జారితే గుంట పడుతుంది.

1940లో మెదక్ ప్రాంతపు నిజాంపూర్‌లో పుట్టిన కె. లక్ష్మా గౌడ్ హైదరాబాద్‌లో, తర్వాత బరోడాలో చదివి ఈ విద్యను తెలంగాణ పల్లెకు తిప్పారు. మేకలు, ఊరి ఆడామగా ఆ సన్నటి గీతల్లోకి వచ్చేశారు. ఆయన ఎచింగ్ ఎప్పుడైనా ఎదురైతే పక్కకు జరిగి, వెలుతురు ఏటవాలుగా పడేలా చూడండి. రేకు అంచు నొక్కిన గాడి కనిపిస్తుంది. దాని లోపల, తడి కాగితం గాళ్లలోంచి పైకి లాగిన సిరా గీతలు కాస్త ఉబ్బి ఉంటాయి.