ఆరడుగులకు ఒక అంగుళము

చార్మినారు నెఱుగనివారు తెలుగుదేశమున నుండరు గాని, దాని యొక్కొక్క పార్శ్వము వెడల్పు ఇరువది మీటర్లు మాత్రమే యని చెప్పినచో, పాతబస్తీలో పుట్టి పెరిగినవారు సైతము ఒకింత సందేహింతురు. ఏలయన, మిక్కిలి యెత్తు లేచిన ఆ మీనారులు చూపును మీదికి లాగికొనుటచే, అడుగుభాగపు కొలత మనస్సున నిలువదు. రెండవ ప్రపంచ సంగ్రామమున సైనికులను, సరకులను మోసిన డకోటా విమానము రెక్క కొననుండి రెక్క కొనకు తొంబదియైదున్నర అడుగులు. దానిని చార్మినారు ముంగిట నిలిపినచో, రెండు రెక్కలును కట్టడమును దాటి ఇరువైపుల పదునైదేసి అడుగులు వెలికి వచ్చును. నిజమైన విమానమును పత్తర్‌గట్టీ మీదుగా అచ్చటికి తెచ్చువారెవ్వరును లేరు గనుక, ఈ వింతను కన్నులార చూడగోరువారు రెంటిని కొలతకు కుదించి చేసికొనవలసినదే.

ఇందులకు సులభమైన లెక్క యొకటి కలదు. ఆరడుగులను ఒక అంగుళముగా కుదించినచో, ఆజానుబాహువైన మనుష్యుడు అంగుళపు బొమ్మ యగును. ఆరడుగులకు 72 అంగుళములు గనుక ఈ నిష్పత్తిని 1:72 అందురు. 1930 దశకమున బ్రిటనులో స్కైబర్డ్స్ అను పేర కొయ్య విమానముల సరంజామాను పెట్టెలలో పెట్టి అమ్మినవారు దీనిని వాడుకలోనికి తెచ్చిరి. 1942లో అమెరికా నౌకాదళము, ఆకాశమున కనబడు విమానము తమదో శత్రువులదో క్షణములో గుర్తించు నేర్పును తన సైనికులకు గఱపదలచి, పాఠశాలల బాలబాలికలను ఐదు లక్షల కొయ్య నమూనాలు చెక్కి యిండని కోరినప్పుడును ఈ నిష్పత్తినే నిర్ణయించెను. ఆటవస్తువు యుద్ధోపకరణమైన సందర్భములు చరిత్రలో ఏమంత తఱచు కావు. ఇక మన నగరమునకు నమూనాలు కొత్తవియు కావు: మూసీ ఆవలిగట్టున కోఠీ రెసిడెన్సీ ఆవరణలో, ఘోషా కారణమున మహాసౌధపు ముఖద్వారమును చూడజాలని ఖైరున్నీసా బేగము కొఱకు కర్క్‌పాట్రిక్ దొర ఆ సౌధమునే బొమ్మగా కట్టించి యిచ్చెనని పెద్దలు చెప్పుదురు. చూడ వీలుపడనిదానిని చేతికందునంత చేసికొనవలెనను కోరికయే ఈ విద్యకు మూలమని నా తలంపు.

ఈ లెక్కన డకోటా రెక్కలు పదునాఱు అంగుళములు, ఒడలు పదిన్నరకు కొంచెము పైన. చెక్కుటకు టేకు శ్రేష్ఠమని ఎవరైనను మొదట తలతురు. కాని టేకు బరువు, దాని నార చిన్న వంపులయొద్ద ఉలికి ఎదురు తిరుగును. నిర్మలులోను, కొండపల్లిలోను బొమ్మలవారు తరతరములుగా వాడుచున్న పొణికి కఱ్ఱయే దీనికి తగినది: తేలిక, మెత్తన, ఎటు కోసినను చీలదు. సందులు పూడ్చుటకు చింతగింజల పిండిని ఱంపపుపొట్టుతో కలిపి బొమ్మలవారు చేయు మక్కు, అంగళ్లలో దొరకు విదేశపు లప్పముకంటె ఏ విధమునను తీసిపోదు సరికదా, ఎండిన పిదప గరుకు కాగితమునకు మఱింత చక్కగా లొంగును.

చెక్కుట యారంభించిన క్షణముననే చరిత్ర యడ్డుపడును. డకోటా ఒడలున చదునైన పార్శ్వమన్నది ఎచ్చటను లేదు. ఉలి పట్టినవాడు విసుగుకొని, ఈ గుండ్రదనమేల వచ్చెనని యడిగినచో, జవాబు నిద్రలో నున్నది. డకోటాను నిర్మించిన డగ్లస్ కంపెనీవారు 1933లో డీసీ-1ను, మఱుసటి యేట డీసీ-2ను చేసిరి. ఈ రెండవదాని ఒడలు ఇరుకు, పార్శ్వములు నిట్టనిలువు. అమెరికన్ ఎయిర్‌లైన్స్ అధిపతి సి.ఆర్. స్మిత్, దేశమున ఈ కొసనుండి ఆ కొసకు రాత్రివేళ ప్రయాణికులను పండుకొనబెట్టి చేర్చవలెనని సంకల్పించి, రెండు వరుసల పడకలు పట్టు విమానము కావలెనని పట్టుబట్టెను. పదునాలుగు పడకలకు తావీయుటకై ఒడలును రెండడుగులకు పైగా వెడల్పు చేసి, ప్రక్కలను గుండ్రముగా ఉబ్బించిరి. అట్లు రూపొందిన, డకోటాకు మూలమైన ఆ విమానము 1935 డిసెంబరు 17వ తేదీన, అనగా రైటు సోదరులు ఎగిరిన ముప్పదిరెండేండ్లకు సరిగా అదే దినమున, తొలిసారి ఎగిరినది. పడకలు తీసివేసి పగటి ఆసనములు వేయగా ఇరువదియొక్కరు పట్టిరి. పడకలకై పెంచిన ఆ వెడల్పే కంపెనీలకు ఆదాయమును, పిమ్మట యుద్ధమునకు జాగాను సమకూర్చినది. విలాసము కొఱకు చేసిన మార్పు విధికృత్యమునకు పనికివచ్చుట యంత్రముల చరిత్రలో అరుదు కాదు. అయినను, ఇంత సంపూర్ణముగా పనికివచ్చినది వేఱొకటి నాకు స్ఫురించుట లేదు.

రెక్క సంగతి మఱింత రసవంతము. దాని ముందంచు వెనుకకు వాలియుండును, వెనుకయంచు ఇంచుమించు తిన్నగా నుండును. అట్టపై గీసి కత్తిరించిన కొలతపత్రమును కొయ్యపై నుంచినప్పుడు ఈ వాలు అందము కొఱకు పెట్టినదేమో యనిపించును. అది అందమునకు గాదు. డీసీ-1 రూపకల్పనలో బరువు పెరిగి, గరిమనాభి అనుకొన్నచోటికి వెనుకగా జరుగగా, ఒడలును మరల గీయుటకంటె రెక్కల చివరలనే వెనుకకు వాల్చి ఆధారమును బరువు క్రిందికి చేర్చుట సులభమని శిల్పులు నిశ్చయించిరి. దోషమును దిద్దుటకు చేసిన ఈ మార్పే తరువాత ఆ విమానమునకు ముఖలక్షణమైనది. లోపలి కట్టడము జాక్ నార్త్రప్ అను శిల్పి యోచనను అనుసరించినది: ఒకే పెద్ద దూలముపై భారము మోపక, రెక్కను అనేక గదులుగా విభజించి, ప్రతి గోడయు, పై రేకును సైతము, బరువులో తన వంతు మోయునట్లు చేసిరి. ఒకచోట బీట వారినను తక్కిన గదులు రెక్కను నిలుపును. ఎనుబదియేండ్ల నాటి డకోటాలు కొన్ని నేటికిని ఎగురుచుండుటకు ఇదియే ముఖ్యకారణము. ఇంజనులను మోయు నడిమిభాగము ఒడలితో ఏకమై యుండగా, వెలుపలి రెక్కలను దానికి వందలకొలది బోల్టులతో బిగింతురు. ఆ యతుకుపై నుండు సన్నని పట్టీ, ఇంజనునకు ఆవల రెక్క చుట్టును కనబడును. నమూనాలో దానిని చూపుటకు మందపు కాగితమును వెంట్రుకవాసి వెడల్పున కోసి అంటింపవలెను. పెక్కుమంది దీనిని విడిచిపెట్టుదురు. విడిచిన నమూనాను చూచినప్పుడు, తెలిసినవాని దృష్టి తిన్నగా అచ్చటికే పోవును.

ఇంజను పదునాలుగు సిలిండర్ల ట్విన్ వాస్ప్, 1,200 అశ్వశక్తి గలది. ఏడేసి సిలిండర్లు రెండు వలయములుగా అమరియుండును. వెనుక వలయములోని ప్రతి సిలిండరును ముందరి రెంటి నడిమి సందున నిలుచును. గాలితోనే చల్లబడవలసిన యంత్రము గనుక, ఒకదాని వెనుక నొకటి నిలిపినచో వెనుకవానికి గాలి యందక కాలిపోవును. మన కొలతలో ఇంజను వెడల్పు అంగుళములో మూడింట రెండు వంతులు. చిన్న చిన్న పుల్లముక్కలకు, మోటారు వైండింగు దుకాణములలో పారవేయు సన్నని రాగితీగను ఒత్తుగా చుట్టినచో, సిలిండరుచుట్టు నుండు చల్లబఱచు రేకుల వరుసలు అచ్చముగా దిగును. పదునాలుగింటిని చుట్టి, వలయమున కూర్చి, కప్పు తొడిగిన పిమ్మట కనబడునది ముందరి యేడును, వాని సందులలో వెనుకవాని నీడలును మాత్రమే. ఐనను ఆ నీడలు లేనిచో ఇంజను బోలుగా తోచును.

ఇప్పుడు ద్వారము. సరకుల విమానమునకును, ప్రయాణికుల విమానమునకును నడుమ భేదమంతయు దాదాపు ఇచ్చటనే కలదు. యుద్ధమునకై సీ-47 అని పేరుపెట్టి, ఎడమ ప్రక్కను వెనుకభాగమున జీపు దూరునంతటి జంట తలుపులను కోసి, నేలను దిట్టపఱచి, గోడలవెంట మడతబల్లలు అమర్చిరి. ఇరువదియెనమండుగురు సైనికులు పట్టిరి. పదివేలకు పైగా ఈ రీతిని తయారైనవి. అస్సామునుండి హిమాలయ శిఖరముల మీదుగా చైనాకు ఇంధనమును, ఆయుధములను మోసినవాటిలో ఇవి యున్నవి. 1944లో ముట్టడికి లోనైన ఇంఫాలులోని సైన్యమునకు తిండిగింజలను చేరవేసినవి ఇవే. ఆ యేడాదియే నార్మండీలో పారాచూటు సైనికులను దింపినవియు ఇవే. సేనాధిపతి ఐసెన్‌హోవర్ యుద్ధవిజయమునకు తోడ్పడిన పరికరములను పేర్కొనుచు, జీపుతోబాటు దీనిని చేర్చెను. వానిలో ఏదియు పోరాటమునకై రూపొందించినది కాదనియు ఆయన యెఱుగకపోలేదు.

యుద్ధము ముగిసిన పిమ్మట మిగులుబడిన విమానములు సంతలో సామానువలె అమ్మకమునకు వచ్చినవి. బెంగళూరున హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ కర్మాగారమువారు పెక్కింటిని విప్పి, శుభ్రపఱచి, ఆసనములమర్చి పౌరవిమానములుగా మార్చిరి. నిజాము ప్రభుత్వమును, టాటా సంస్థయు కలిసి 1945లో స్థాపించిన డెక్కన్ ఎయిర్‌వేస్ ఈ డకోటాలతోనే బేగంపేటనుండి మద్రాసు, బెంగళూరు, ఢిల్లీ నగరములకు రాకపోకలు నడిపినది. ఇతర కంపెనీలనేకములు స్త్రీ యను కారణమున త్రోసిపుచ్చిన ప్రేమ్ మాథుర్‌ను విమానచాలకురాలిగా తీసికొన్న కీర్తియు ఈ కంపెనీకే దక్కినది. దేశపు నాలుగు మూలలనుండి విమానములు అర్ధరాత్రమున నాగపురమున కలిసి ఉత్తరాల సంచులు మార్చుకొని మరలిపోవు రాత్రి టపా ఏర్పాటు 1949లో మొదలుకాగా, తరువాతి కాలమున డెక్కన్ ఎయిర్‌వేస్ దానిని నడిపిన కంపెనీలలో ఒకటి. 1953 ఆగస్టు 1వ తేదీన ఎనిమిది కంపెనీలు ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో లీనమైనప్పుడు డెక్కన్ ఎయిర్‌వేస్ అను పేరు అంతరించినది.

కావున నమూనా చేయువాడు ద్వారము కోయుటకు ముందే నిశ్చయించుకొనవలెను: తన చేతిలోనున్నది ఇంఫాలు డకోటాయా, బేగంపేట డకోటాయా? మొదటిదైనచో పైభాగమున ఆకుపచ్చ కలిసిన మట్టిరంగును, అడుగున బూడిదరంగును పూసి ముగింపవచ్చును. రెండవదైనచో యుద్ధపు రంగును గీకివేసిన అల్యూమినియపు మెఱుపును చూపవలెను, ఇదియే కష్టము. వెండిరంగు ఎంత పూసినను రంగుగానే కనబడును గాని లోహముగా కనబడదు. పాతబస్తీలో నున్నవానికి వెంటనే వరఖు తోచును. చర్మపు పుటల నడుమ వెండితునుకను గంటలతరబడి సుత్తితో మోది పలుచన చేయు ఆ పనివారి దెబ్బల శబ్దము చార్మినారు సందులలో ఇంకను అక్కడక్కడ వినవచ్చుచున్నది. విమానమునకు తొడుగవలెనని యడుగగా ఒక వృద్ధుడు సుత్తి యాపి, “ఇది తినేటందుకు సాబ్, అతికేటందుకు కాదు” అనెను. ఆయన మాట నిజము. ఊపిరి తగిలినంతనే ముడుచుకొను ఆ పొర కొయ్య నారనంతను పైకి చూపును; పైగా కొన్ని మాసములకే వెండి నల్లబడును. నిజమైన విమానపు రేకు మందము మిల్లీమీటరునకు లోపే; దానిని 72 చేత భాగించినచో వచ్చునది, వంటయింట రొట్టెలు చుట్టు అల్యూమినియపు రేకునకు ఇంచుమించు సరిపోవును. ఆ రేకును పలుచని జిగురుతో పలకలు పలకలుగా అంటించి, ప్రత్తియుండతో నిమిరినచో, అతుకుల గీతలు సైతము అనుకొనకయే ఏర్పడును. తోకయందలి చుక్కానియు, రెక్కల కొనలవైపు వెనుకనుండు కదలు భాగములును నిజవిమానమున బట్టతో కప్పినవి గనుక, అచ్చట రేకు తగదు. పతంగుల కాగితమును తొడిగి, మెఱుపులేని వెండిరంగు వేయవలెను.

ఇంతటితో కొలతకు అన్నియు సరిపోయినవని సంతోషించువాడు నమూనాను త్రాసులో వేసి చూడవలెను. పొడవు 72 రెట్లు తగ్గినప్పుడు వైశాల్యము 5,184 రెట్లు, ఘనపరిమాణము 3,73,248 రెట్లు తగ్గును. నిండు భారముతో డకోటా బరువు దాదాపు 11,800 కిలోలు. న్యాయముగా మన నమూనా 32 గ్రాములు, అనగా మూడు తులములకు లోపు తూగవలెను. నిండుకొయ్య నమూనా ఏదియు అట్లు తూగదు. మఱియు రెక్కపై ప్రవహించు గాలి మన కొఱకు కుదించుకొనదు. అంత చిన్న రెక్కకు అదే గాలి చిక్కగా, జిగటగా తోచును. ఆకారమును కొలతకు దింపవచ్చును గాని ప్రకృతిధర్మమును దింపలేము. కొయ్య డకోటా అల్మారాలో నుండుటకు కారణమిదియే.

చక్రముల విషయము ఒక్కమాటలో చెప్పవచ్చును. ఇంజనుల క్రింద ముడుచుకొన్నప్పుడు సైతము ఇవి పూర్తిగా లోపలికి పోవు. కొంత భాగము వెలుపలనే యుండును. చక్రములు దింప వీలుపడని ఆపదలో పొట్టతో దిగవలసివచ్చినను, ఆ మిగిలిన భాగమే నేలను తాకి ఒడలును కొంత కాపాడును. నేలపై నిలిచినప్పుడు తోక క్రిందికి, ముక్కు మీదికి నుండుటచే, నాటి ప్రయాణికులు తలుపు దాటినంతనే ఎత్తు ఎక్కినట్లు నడువవలసి వచ్చెడిది.

ఇదే కొలతతో మఱియొక విమానమును దీని ప్రక్కన నిలుపదలచినవారు లాంకాస్ట్రియనును చేయుట యుక్తము. బాంబుల విమానమైన లాంకాస్టరును రవాణాకు మార్చగా వచ్చినది ఇది. 1948లో సిడ్నీ కాటన్ అను ఆస్ట్రేలియా దేశీయుడు ఈ విమానములతో కరాచీనుండి రాత్రివేళ నిజాము రాజ్యమునకు దొంగచాటున ఆయుధములు చేర్చెను. సెప్టెంబరులో భారతసైన్యపు పోలీసు చర్య ఐదు దినములలో ముగియుటతో ఆ రాకపోకలు నిలిచిపోయినవి, కాటనునకు లండను న్యాయస్థానము 200 పౌండ్ల జరిమానా విధించినది. రెక్కలు 102 అడుగులు, అనగా సరిగా పదునేడు అంగుళములు. పొణికి పలక కొంచెము పొడుగుది తీసికొనవలెను. ఇంజనులు నాలుగైనను అవి నీటితో చల్లబడు మెర్లినులు, నున్నని కప్పులలో దాగియుండునవి గనుక, రాగితీగ చుట్టు పని యుండదు.