బానిసత్వ వ్యతిరేక కవిత్వము, జాషువ ‘గబ్బిలం’: మొర అనే దృష్టితో ఒక పరిశీలన

నిర్గమకాండము రెండవ అధ్యాయము చివర ఇశ్రాయేలీయులు వెట్టిపనుల భారానికి నిట్టూర్పు విడుస్తారు, మొరపెడతారు, ఆ మొర దేవుని యొద్దకు చేరుతుంది. మోషేకు పిలుపు రాకముందే, ఫరో ఎదుట ఒక్క మాటైనా పలుకబడకముందే మొర ఉన్నది. విమోచన చరిత్రలో మొరకు గల ఈ మొదటి స్థానాన్ని మన ప్రసంగాలు సాధారణంగా త్వరగా దాటి సూచక క్రియల వైపు వెళ్లిపోతాయి. ఈ వ్యాసంలో మనము మొర దగ్గరే కొంత సేపు నిలిచి, అమెరికా బానిసత్వ నిర్మూలనోద్యమ కవిత్వాన్నీ, మన గుంటూరు మండలపు కవి గుర్రం జాషువ రచించిన ‘గబ్బిలం’ కావ్యాన్నీ కలిపి పరిశీలింతము.

ఆ ఉద్యమంలో పద్యము అలంకారం కాదు, పనిముట్టు. విలియం లాయిడ్ గారిసన్ 1831 నుండి 1865 వరకు బోస్టనులో నడిపిన ‘లిబరేటర్’ పత్రికలో కవితలకు ప్రత్యేక స్థానం ఉండేది. క్వేకరు విశ్వాసియైన జాన్ గ్రీన్‌లీఫ్ విట్టియర్ 1833లో ఫిలడెల్ఫియాలో ఏర్పడిన అమెరికా బానిసత్వ వ్యతిరేక సంఘపు స్థాపకులలో ఒకడు. 1838 మే నెలలో అల్లరిమూక అదే నగరంలోని పెన్సిల్వేనియా హాలును తగులబెట్టినప్పుడు అందులో ఉన్న ఆయన పత్రికా కార్యాలయం కూడా కాలిపోయింది. కవిత్వం ఎవరినీ కదిలించదని అనుకున్నవారు కవి కార్యాలయానికి నిప్పు పెట్టరు గదా! బానిసగా పుట్టి తప్పించుకొనిన విలియం వెల్స్ బ్రౌన్ 1848లో ఒక పాటల సంపుటిని ప్రకటించాడు. జనానికి తెలిసిన బాణీలకు క్రొత్త మాటలు కూర్చిన పాటలు అందులో ఉన్నాయి. కీర్తనల బాణీలతో పరిచయమున్న మన పాఠకులకు ఈ పద్ధతిలోని బలం వివరించనక్కరలేదు.

అయితే విట్టియర్, లాంగ్‌ఫెలో వంటివారు ఇతరుల బాధను గూర్చి వ్రాసినవారు. బాధపడినవాడే వ్రాసిన కవిత్వం వేరు. ఫిలిస్ వీట్లీ అనే బానిస యువతి పద్యాలు 1773లో అచ్చయినప్పుడు, అవి నిజముగా ఆమె వ్రాసినవేనని బోస్టను పెద్దలు సంతకాలు చేసిన ధ్రువపత్రాన్ని పుస్తకంలో చేర్చవలసి వచ్చింది. నార్త్ కరోలినాలో జార్జ్ మోజెస్ హోర్టన్ 1829లో తన కవితలు అచ్చువేయించాడు. ఆ డబ్బుతో తన్ను తాను విడిపించుకొనవలెనన్నది ఆశ. అది నెరవేరలేదు. 1865 వరకు అతడు బానిసగానే ఉన్నాడు.

ఇప్పుడు వినుకొండకు వత్తము. 1895 సెప్టెంబరు 28న అక్కడ జన్మించిన జాషువ తండ్రి యాదవ కులస్థుడు, తల్లి మాదిగ. ఇల్లు క్రైస్తవము. ఆయన గుంటూరులోని లూథరన్ ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలలో కొంతకాలం పనిచేసి, తరువాత తెలుగు పండితుడైనాడు. అంటరానివాడని హిందూ సమాజం దూరముంచింది, క్రైస్తవుడై ఉండి పురాణ కథలు వ్రాయుచున్నాడని క్రైస్తవులు ఆక్షేపించారు. ఈ రెండవ సంగతిని మన సంఘాలలో అంతగా చెప్పుకొనరు. చెప్పుకొనవలెనని మా అభిప్రాయం.

1941లో వెలువడిన ‘గబ్బిలం’ కాళిదాసు ‘మేఘసందేశం’ మార్గాన్ని అనుసరించినది. అక్కడ యక్షుడు ప్రియురాలికి మేఘముచేత కబురు పంపును. ఇక్కడ ఒక నిరుపేద దళితుడు తన దుఃఖాన్ని శివునికి విన్నవించమని గబ్బిలాన్ని వేడుకొంటాడు. గబ్బిలమే ఎందుకు? ఆలయములోనికి అతనికి ప్రవేశం లేదు, గబ్బిలానికి ఉన్నది. అపశకునమని లోకము తరిమే ప్రాణి గర్భగుడి కప్పునకు వ్రేలాడుచున్నది, పొలము దున్ని దేశానికి అన్నం పెట్టేవాడు వాకిట బయట ఉన్నాడు. వాదముగా చెప్పవలసినదంతా కవి ఆ ఒక్క ఎంపికతోనే చెప్పివేశాడు.

ఇక్కడ ఒక వేదాంత విషయాన్ని గమనించవలెను. నిర్గమకాండములో మొరకు మధ్యవర్తి లేడు, అది నేరుగా చేరుతుంది. ‘గబ్బిలం’లో దేవుడు విననివాడు కాడు. వినిపించే దారికి మనుషులు అడ్డుగా నిలిచారు. పూజారి లేని సమయం చూచి ఈశ్వరుని చెవిలో చెప్పవలెనని ఆ అభాగ్యుడు కోరుకొంటాడు. కాబట్టి ఇది నాస్తిక కావ్యం కాదు. యోబు గ్రంథమువలె, దేవునితోనే మాట్లాడి తీరవలెనన్న పట్టుదల గలది. అమెరికాలో బానిసత్వాన్ని సమర్థించిన బోధకులు నోవహు శాపాన్ని చూపినట్లే, ఇక్కడ అంటరానితనానికి పూర్వజన్మ కర్మను చూపేవారు. జాషువ కర్మ సిద్ధాంతాన్ని పండితుల తర్కముతో కాక, ఆకలిగొన్నవాని ప్రశ్నతో ఎదుర్కొన్నాడు.

ఆయన వాడినది వాడుక పాట కాదు, ఛందోబద్ధమైన పద్యం. ఏ విద్య తమదేనని పండితులు అనుకొన్నారో ఆ విద్యతోనే నిలిచాడు. వీట్లీని సంతకాలు అడిగినట్లే ఈయనను సభలలో కులము అడిగేవారు. అయినా చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి అంతటివాడు ఆయన కాలికి గండపెండేరం తొడిగాడు. ఆయన ‘శ్మశానవాటి’ పద్యాలు హరిశ్చంద్ర నాటకపు కాటిసీనులో చేరి పల్లెపల్లెకూ వెళ్లాయి. అచ్చు పుస్తకం చేరని చోటికి రంగస్థలం చేర్చింది.

కవిత్వం బానిసత్వాన్ని తీసివేసిందా? లేదు. నాలుగేండ్ల యుద్ధం, 1865 నాటి రాజ్యాంగ సవరణ తీసివేశాయి. మన దేశంలో 1950 నుండి రాజ్యాంగపు 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దుచేసింది. అయినా 1985లో కారంచేడు, 1991లో చుండూరు జరిగాయి. చుండూరు కేసులో 2007లో ప్రత్యేక న్యాయస్థానం శిక్షలు విధించగా, 2014లో హైకోర్టు వాటిని కొట్టివేసింది. కవిత్వం చేసిన పని మరొకటి: వినేవారిని తయారుచేయుట. మన ప్రాంతపు మిషను చరిత్రలోనే దీనికి చిన్న సాక్ష్యం ఉన్నది. బానిస యజమానులను మిషనరీలుగా పంపుట గూర్చిన వివాదంలో 1845లో అమెరికా బాప్తిస్టులు రెండుగా చీలినప్పుడు, తెలుగు మిషను ఉత్తరాది వారి చేతిలో నిలిచింది. ఫలము లేదని 1853లో దానిని మూసివేయవలెనన్న చర్చ వచ్చినప్పుడు యస్. యఫ్. స్మిత్ ‘ఒంటరి నక్షత్రం’ అనే గీతం వ్రాశాడు. మిషను మూతపడలేదు. తరువాత, 1878 జూలైలో, ఒంగోలు ప్రాంతంలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందారు. వారిలో అత్యధికులు మాదిగలు.

జాషువకు 1964లో కేంద్ర సాహిత్య అకాడెమీ బహుమానం తెచ్చినది ‘క్రీస్తు చరిత్ర’. అందుచేత సెమినరీ గ్రంథాలయాలలో ఆ పుస్తకమే ముందు కనబడుతుంది. విలాపవాక్యములు, కీర్తనల గ్రంథములోని విలాప కీర్తనలు బోధించే తరగతిలో దానికి ముందు ‘గబ్బిలం’ చదివించవలెనని మా సూచన. మౌనముగా కాదు, రాగముతో చదివించాలి. అధ్యాపకునికి రాకపోతే పద్యనాటక కళాకారుని ఒకరిని పిలిపించుకొనవచ్చును. మన జిల్లాలో అట్టివారికి కొదువ లేదు.