ఆకుపచ్చగా ఉన్నప్పుడే తినాలి: గ్వాకమోలే వెనుక రసాయనం, చరిత్ర

బాగా మగ్గిన అవకాడోను కత్తితో చీల్చిన క్షణం నుంచి ఒక గడియారం నడవడం మొదలవుతుంది. అప్పుడు గుజ్జు తొక్క దగ్గర లేత ఆకుపచ్చగా, గింజ దగ్గర వెన్నలాంటి పసుపు రంగులో ఉంటుంది. కొంతసేపటికి అంచుల్లో గోధుమరంగు జీర కనబడుతుంది. రాత్రంతా గిన్నెలో వదిలేస్తే తెల్లారేసరికి పైపొర మట్టిరంగుకు తిరుగుతుంది. మెక్సికో వంటిళ్లలో ఈ పండుతో చేసే పచ్చడి పేరు గ్వాకమోలే. చేయడానికి పొయ్యి వెలిగించే పని కూడా లేదు. కష్టమంతా ఆ గడియారంతోనే.

పేరు నాహువాతల్ భాషది. అజ్టెక్ సామ్రాజ్యంలో మాట్లాడిన ఈ భాషను మెక్సికోలో నేటికీ పదిహేను లక్షల మందికి పైగా మాట్లాడుతున్నారు. ఆ భాషలో అవకాడో 'ఆవకతల్'. నూరి చేసిన ముద్ద, పులుసు వంటి వాటికి 'మొల్లి' అని పేరు. రెండూ కలిసి 'ఆవకమొల్లి', స్పానిష్ నోట పడి గ్వాకమోలే. మన ఆవకాయతో దీనికి ఏ చుట్టరికమూ లేదు, అది ఆవపిండి వల్ల వచ్చిన పేరు. కానీ నాహువాతల్ మాట ఒకటి మనం రోజూ వాడుతూనే ఉన్నాం. మన 'టమాటా' ఆ భాషలోని 'తొమతల్' నుంచే వచ్చింది.

ఈ పండుతో మనుషుల స్నేహం చాలా పాతది. హోండురాస్‌లోని ఎల్ హిగాంతే అనే కొండగుహలో దొరికిన అవకాడో గింజలు, తొక్కల అవశేషాలపై 2025లో ఒక పరిశోధన వెలువడింది. అక్కడి జనం సుమారు 11 వేల ఏళ్ల క్రితమే ఈ పండ్లు తిన్నారని, తరువాతి వేల ఏళ్లలో పెద్ద కాయలు, మందమైన తొక్క ఉన్న చెట్లను ఎంచుకుంటూ వచ్చారని అది చెబుతోంది. ఆ ప్రాంతానికి మొక్కజొన్న సాగు రాకముందే అక్కడివాళ్లకు చెట్లను పెంచడం తెలుసన్నమాట.

యూరప్ వాళ్లలో దీని గురించి మొదట అచ్చులో రాసినవాడు మార్టిన్ ఫెర్నాండెజ్ దె ఎన్సీసో. 1519లో వచ్చిన తన భూగోళ గ్రంథంలో లోపలి గుజ్జును వెన్నతో పోల్చాడు. కొడగు వాళ్లు దీన్ని 'బెణ్ణె హణ్ణు' అన్నా, తమిళనాడులో 'వెణ్ణెయ్ పళం' అన్నా, మనం వెన్నపండు అన్నా పోలిక అదే. 1697లో ఇంగ్లిష్ నావికుడు విలియం డాంపియర్ తన యాత్రాగ్రంథంలో, ఈ పండు గుజ్జును చక్కెర, నిమ్మరసంతో కలిపి పళ్లెంలో గిలక్కొట్టి తింటారని రాశాడు. చక్కెర సంగతి అలా ఉంచితే, అందులో నిమ్మరసం ఉండటమే ఆసక్తికరం. ఎందుకంటే నిమ్మ ఆ ఖండానిది కాదు.

రెండు దారుల్లో ప్రయాణం

స్పానిష్ ఓడలు రాకముందు ఆ ముద్దలో ఉండగలిగినవి అవకాడో, మిరప, టమాటా, ఉప్పు వంటివి. ఈరోజు గ్వాకమోలేలో తప్పనిసరి అనుకునే నిమ్మ, కొత్తిమీర, ఉల్లిపాయ మూడూ సముద్రం దాటి వెళ్లినవే. కొత్తిమీర మధ్యధరా, పశ్చిమాసియా ప్రాంతాల మొక్క, ఉల్లి మధ్య ఆసియాది. మెక్సికో వాళ్లు 'లిమోన్' అని పిలిచే పలచని తొక్క చిన్న నిమ్మ, మన మార్కెట్లో దొరికే కాగ్జీ నిమ్మ ఒకే జాతి. ఆసియాలో పుట్టి, అరబ్బుల ద్వారా మధ్యధరా తీరానికి, అక్కడి నుంచి స్పానిష్ ఓడల్లో అమెరికాకు చేరింది.

అదే కాలంలో ఎదురు దారిలో మిరప వచ్చింది. 16వ శతాబ్దంలో పోర్చుగీసు వాళ్లు దాన్ని మన పడమటి తీరానికి తెచ్చారు. అంతకుముందు మన కూరల్లో కారమంటే ముఖ్యంగా మిరియాలే. 'మిరప' అన్న పేరులోనే మిరియం ఛాయ ఉంది. అంటే గుంటూరు మిర్చి పూర్వీకులు అటునుంచి వస్తే, గూడూరు నిమ్మ బంధువులు ఇటునుంచి వెళ్లారు. మెక్సికో గిన్నెలోనూ మన రోట్లోనూ ఇప్పుడు రెండూ ఉన్నాయి.

రోలు కూడా ఉంది. నల్లని అగ్నిశిలతో మూడు కాళ్ల మీద నిలిచేలా చెక్కిన 'మొల్కహేతే' అక్కడి రోలు. పచ్చడిబండను 'తెహొలోతే' అంటారు. బసాల్టు రాయిలో సహజంగా ఉండే చిన్న చిన్న గుంటలే నూరడానికి కావలసిన గరుకుదనాన్ని ఇస్తాయి.

చేసే పద్ధతి

రెండు మధ్యరకం అవకాడోలు, చిన్న ఉల్లిపాయలో సగం, ఒకటి రెండు పచ్చిమిరపకాయలు, గుప్పెడు కొత్తిమీర, అర టీస్పూను కల్లుప్పు, ఒక నిమ్మకాయ. టమాటా ఇష్టమైతే ఒకటి, గింజలు తీసేసి. నలుగురికి సరిపోతుంది.

అసలు పరీక్ష పండు ఎంచుకోవడంలోనే ఉంది. అవకాడో చెట్టు మీద ఉన్నంతకాలం మెత్తబడదు, కోసిన తరువాతే మగ్గుతుంది. మగ్గే పండు ఎథిలీన్ అనే వాయువును వదులుతుంది. ఆ వాయువే పక్క పండును కూడా మగ్గమని తొందరపెడుతుంది. మామిడికాయలను గడ్డిలోనో, బియ్యం డబ్బాలోనో మగ్గబెట్టే మన ఇళ్ల పద్ధతి వెనుక ఉన్నది ఇదే, ఎథిలీన్ బయటికి పోకుండా పట్టి ఉంచడం. గట్టి అవకాడోను ఒక అరటిపండుతో కలిపి కాగితం సంచిలో ఉంచితే రెండు మూడు రోజుల్లో దారికొస్తుంది. తొడిమ దగ్గర బొటనవేలితో మెల్లగా నొక్కితే కొంచెం లొంగాలి. ఆ దశకు చేరాక ఫ్రిజ్‌లో పెట్టవచ్చు, అంతకుముందు కాదు.

మన దగ్గర ఇంకో చిక్కుంది. కొడగు, వయనాడ్, నీలగిరుల నుంచి వచ్చే పెద్ద పెద్ద నున్నని పండ్లలో చాలావాటికి నూనె శాతం తక్కువ, నీరు ఎక్కువ. జ్యూస్‌కు బాగుంటాయి కానీ ముద్ద జారుగా వస్తుంది. అలాంటి పండుతో చేస్తుంటే టమాటా మానేసి, నిమ్మరసం తగ్గించాలి. గరుకు తొక్కతో, పండితే నల్లబడే 'హాస్' రకంలో కొవ్వు 15 నుంచి 20 శాతం దాకా ఉంటుంది. దానితోనే నోట్లో వెన్నలా కరిగే ముద్ద వస్తుంది.

ముందుగా ఉల్లి, పచ్చిమిర్చి, సగం కొత్తిమీర, కల్లుప్పు రోట్లో వేసి నూరాలి. ఉప్పు పలుకులు ఇసుకలా పనిచేసి కణాలను చీలుస్తాయి. ఉల్లి కణాలు పగిలినప్పుడు వాటిలోని ఒక ఎంజైము గంధకపు పదార్థాలతో కలిసి ఘాటును పుట్టిస్తుంది. సన్నగా తరిగి కలిపిన ఉల్లికీ నూరిన ఉల్లికీ రుచి తేడా అందుకే. ఆ తరువాత అవకాడో గుజ్జు వేసి, నూరకుండా చెంచాతో మెదపాలి. అక్కడక్కడా పలుకులు మిగలాలి. చివరగా నిమ్మరసం, మిగిలిన కొత్తిమీర. మిక్సీలో వేయవద్దని నా సలహా. మిక్సీ బ్లేడు ముద్దలోకి గాలిని కలుపుతుంది, అవసరానికి మించి కణాలను పగలగొడుతుంది. రెండూ గడియారాన్ని వేగంగా తిప్పేవే.

మిర్చి కారం ఎందుకు తగ్గినట్టు అనిపిస్తుందంటే, కారానికి మూలమైన క్యాప్సైసిన్ నీటిలో దాదాపు కరగదు, కొవ్వులో కరుగుతుంది. అవకాడో నూనె దాన్ని తనలోకి లాక్కుంటుంది. టమాటాకు ఎర్ర రంగునిచ్చే లైకోపీన్ కూడా అలాంటిదే. 2005లో అమెరికాలో పదకొండు మందిపై చేసిన చిన్న అధ్యయనంలో, టమాటా సల్సాకు అవకాడో చేర్చినప్పుడు రక్తంలోకి చేరిన లైకోపీన్ సగటున 4.4 రెట్లు పెరిగింది. పదకొండు మందితో ఆరోగ్య సూత్రాలు రాయలేం. కొవ్వులో కరిగేది కొవ్వు తోడుంటే బాగా ఒంటపడుతుందన్న తెలిసిన సంగతికి మాత్రం అది ఒక చక్కని కొలత.

రంగు ఎందుకు మారుతుంది?

అవకాడో కణంలో రెండు గదులున్నాయనుకోండి. ఒకదానిలో ఫినాల్ జాతి పదార్థాలు, రెండోదానిలో పాలీఫినాల్ ఆక్సిడేజ్ అనే రాగి అణువులున్న ఎంజైము ఉంటాయి. కణం చెక్కుచెదరనంతవరకు ఈ రెండూ కలవవు. కత్తో, బండో తగిలి గోడలు కూలగానే కలుస్తాయి, గాలిలోని ఆక్సిజన్ తోడవుతుంది. ఫినాళ్లు క్వినోన్లుగా మారి, ఒకదానికొకటి గొలుసుల్లా అతుక్కుని గోధుమరంగు పదార్థాలవుతాయి. ఆపిల్, అరటి, వంకాయ ముక్కలు నల్లబడేదీ ఇలాగే. వంకాయలు కోయగానే ఉప్పునీళ్లలో వేయడం మన వంటింట్లో ఎవరూ నేర్పకుండానే వచ్చే అలవాటు. నీరు గాలిని అడ్డుకుంటుంది, ఉప్పులోని క్లోరైడ్ ఆ ఎంజైము పనికి అడ్డుపడుతుంది. ఇదే చర్యను మనిషి కావాలని జరిపించే చోటు కూడా ఉంది. అస్సాం, డార్జిలింగ్ ఫ్యాక్టరీల్లో తేయాకును నలిపి గాలికి వదిలేది ఈ ఎంజైము పని చేయడం కోసమే. లేకుంటే మన టీకి ఆ రంగు లేదు.

నిమ్మరసం రెండు పనులు చేస్తుంది. దాని ఆమ్లత్వానికి ఎంజైము మందగిస్తుంది, అందులోని విటమిన్ సి అప్పుడే ఏర్పడిన క్వినోన్లను వెనక్కి తిప్పుతుంది. కానీ విటమిన్ సి ఖర్చయ్యేదే, అయిపోగానే రంగు మళ్లీ మొదలవుతుంది.

ఇక గింజ సంగతి. గిన్నెలో గింజ ఉంచితే గ్వాకమోలే నల్లబడదన్న నమ్మకం మెక్సికోలోనూ, బయటా గట్టిగా ఉంది. గింజ కింద ఉన్న ముద్ద ఆకుపచ్చగానే ఉంటుంది, నిజమే. అక్కడికి గాలి చేరదు కాబట్టి. గింజకు బదులు ఒక గోలీ పెట్టినా దాని కింద అంతే. ఇంట్లో నాలుగు చిన్న గిన్నెలతో తేల్చుకోవచ్చు. నిమ్మరసం కలపని ముద్దను నాలుగు గిన్నెల్లో సర్ది, ఒకదాన్ని ఊరికే వదిలేయండి. రెండోదానిలో గింజ పెట్టండి. మూడోదానిపై ప్లాస్టిక్ పొరను బుడగ లేకుండా ముద్దకే అంటించండి. నాలుగోదానిపై ముద్దను చదును చేసి, వేలెడు మందాన చల్లని నీళ్లు మెల్లగా పోయండి. ఫ్రిజ్‌లో ఉంచి మర్నాడు చూడండి.

భౌతికశాస్త్రం చదువుకున్నదాన్ని కాబట్టి నాకు నాలుగో గిన్నెపై మమకారం ఎక్కువ. కదలని నీటిలో ఆక్సిజన్ అణువులు వ్యాపించే వేగం, గాలిలో కంటే సుమారు పదివేల రెట్లు తక్కువ. కదలని గాలిలో ఒక సెంటీమీటరు దూరం వ్యాపించడానికి రెండు మూడు సెకన్లు పడితే, అంతే మందం నీటి పొరలో సుమారు ఏడు గంటలు పడుతుంది. పైగా లీటరు నీటిలో కరిగి ఉండే ఆక్సిజన్ కొద్ది మిల్లీగ్రాములే. తినే ముందు ఆ నీళ్లు వంచేసి ఒకసారి కలిపితే చాలు. ముద్దలోని కొవ్వు వల్ల నీరు లోపలికి పెద్దగా ఇంకదు.

గిన్నె దాటిన పందెం

కంపెనీలకు ఒక రాత్రి చాలదు, వారాలు కావాలి. డబ్బాల్లో నింపే పదార్థాలను మామూలుగా వేడిచేసి నిలవ చేస్తారు, అవకాడో మాత్రం వేడి తగిలితే చేదెక్కుతుంది. 1990ల చివరిలో అమెరికా మార్కెట్‌కు వచ్చిన మార్గం ఒత్తిడి. మూసిన పొట్లాలను నీటిలో ఉంచి సుమారు 6 వేల వాతావరణాల ఒత్తిడికి గురిచేస్తారు. పసిఫిక్ సముద్రంలో అతి లోతైన మరియానా అగాధం అడుగున ఉండే ఒత్తిడికి ఇది అయిదు రెట్లకు మించినది. సూక్ష్మజీవులు చస్తాయి. ఎంజైము మాత్రం మొండిది, పూర్తిగా లొంగదు. అందుకే పొట్లంలో గాలి లేకుండా చూడటం తప్పదు.

పండు కూడా దూరం పోవాల్సి వచ్చింది. అవకాడో గింజను తొలిచే పురుగు భయంతో 1914లో అమెరికా మెక్సికో పండ్లను నిషేధించింది. 1997లో కొన్ని రాష్ట్రాలకు, అదీ చలికాలంలో మాత్రమే, అనుమతించింది. 2007 నాటికి దేశమంతా తలుపులు తెరిచింది. ఎగుమతి హక్కు చాలాకాలం ఒక్క మిచోవకాన్ రాష్ట్రానికే ఉండేది. అక్కడి అగ్నిపర్వత నేలల్లో ఏడాది పొడవునా కాపు. తోటలన్నీ దాదాపు ఒకే రకం, హాస్. కాలిఫోర్నియాలో రుడోల్ఫ్ హాస్ అనే పోస్ట్‌మ్యాన్ పెరట్లో గింజ నుంచి మొలిచి, 1935లో పేటెంటు పొందిన ఒక్క చెట్టుకు అంటు సంతానం. వేరుకుళ్లు తెగులుతో ఆ తల్లిచెట్టు పడిపోయింది, 2002లో కొట్టేశారు. జన్యుపరంగా ఒకే అచ్చులో ఉన్న లక్షల చెట్లకు అలాంటి తెగులు ఏమి చేయగలదో ఊహించడం కష్టం కాదు.

మిచోవకాన్‌లో తోటలు విస్తరించింది ఎక్కువగా పైన్, ఓక్ అడవుల ఖర్చు మీద. అవి వాననీటిని పట్టి ఉంచే అడవులు, అదే కొండల వరుసలో మోనార్క్ సీతాకోకచిలుకలు చలికాలం గడుపుతాయి. డబ్బు వెంట ముఠాలూ వచ్చాయి. 2022 ఫిబ్రవరిలో తమ తనిఖీ ఉద్యోగికి బెదిరింపు రావడంతో అమెరికా కొద్దిరోజులు దిగుమతులు ఆపేసింది. అదే రాష్ట్రంలో పురేపెచా జాతి వారి చెరాన్ అనే ఊరు 2011లో దొంగ కలప ముఠాలను తరిమి, సొంత కాపలా పెట్టుకుని కొండలపై మళ్లీ పైన్ మొక్కలు నాటుకుంటోంది.

ధర పెరిగితే ముందు తగిలేది మెక్సికో వీధుల్లోని టాకో బండ్లకే. 2019 వేసవిలో అవకాడో రేటు ఎగబాకినప్పుడు కొన్ని బండ్ల మీద ఒక ఆకుపచ్చ ముద్ద కనిపించింది. రంగు అదే, నునుపు అదే, గంటలు గడిచినా నల్లబడదు. లేత గుమ్మడి జాతి కాయ కలబసీతా, తొమతీయో అనే పుల్లని పచ్చ కాయ, పచ్చిమిర్చి, కొత్తిమీర నూనెతో కలిపి మిక్సీలో తిప్పినది. అక్కడి పత్రికలు దాన్ని 'దొంగ గ్వాకమోలే' అని రాశాయి. మన ఇళ్లలో అయితే దాదాపు బీరకాయ పచ్చడి అనేస్తారు.