మోకాటి కీలు - నడక



మా నంద్యాల ప్రాంతమున అరువది యేండ్లు దాటినవారు నలుగురు కూడినచోట మోకాళ్ల ప్రసక్తి రాకమానదు. గుజ్జు అరిగినదట, ఇక నడవరాదని యొకరు; బండి యిరుసువలె వాడినకొలది అరుగును గదా యని మఱియొకరు. నేనును అట్లే నమ్మి ఒక సంవత్సరము వీథియరుగు దిగకుంటిని. కార్తికమున బంధువులందఱు నవనందుల యాత్రకు పోవ, నేను ఇంటికి కాపుంటిని. తొడలు సన్నగిల్లినవి, నొప్పి మాత్రము తగ్గలేదు. ఈ యిరుసు పోలిక సరియైనదేనా యని అప్పుడు సందేహము కలిగినది.

జనులు గుజ్జు అనునది శాస్త్రమున మృదులాస్థి. మేకకాలి కీలు విప్పినపుడు ఎముక కొనను తెల్లగా, నున్నగా మెఱయు పూత అదియే. దానిలో రక్తనాళములు లేవు, నరములు లేవు. మఱి ఆహారమెట్లు చేరును? కీలునందలి జిగట ద్రవమునుండి. అడుగు మోపినపుడు బరువుచే మృదులాస్థి అణగి కొంత ద్రవమును వెలికి విడుచును. అడుగెత్తినపుడు మరల పీల్చుకొనును. నీట నానిన దూదిని అదిమి విడిచినట్లన్నమాట. ఇరుసునకు ఇట్టి జీవము లేదు. కదలనివాని కీలు పస్తుండును. వెన్నుపాము దెబ్బతిని కాళ్లు కదపలేనివారిలో మోకాటి మృదులాస్థి కొలది నెలలలోనే పలుచబడుట వైద్యులు కొలిచి చూచిరి.

అరిగినది తిరిగి పెరుగునా? చెడిన మృదులాస్థి మరల బాగుపడదని 1743లో లండను రాయల్ సొసైటీకి విలియం హంటరు సమర్పించిన వ్యాసమున గలదు. ఆ మాట నేటికిని చాలవఱకు నిజమే. అయితే స్వీడను దేశమున ఎవా రూస్, లీఫ్ డాల్‌బెర్గ్ అను పరిశోధకులు 2005లో ప్రకటించిన పరీక్ష యొకటి కలదు. కీలు నడుమనుండు చంద్రవంకవంటి పొరను శస్త్రచికిత్సచే కొంత తీయించుకొనిన 45 మంది నడివయసువారిని రెండు జట్లు చేసి, ఒక జట్టుచే నాలుగు నెలలు, వారమునకు మూడుమార్లు, మితమైన వ్యాయామము చేయించిరి. పిదప ఎం.ఆర్.ఐ. చిత్రములలో ఆ జట్టువారి మృదులాస్థియందు నీటిని పట్టియుంచు పదార్థము మెఱుగుపడినట్లు కనబడెను. పరీక్ష చిన్నది, మందము పెరిగినదని వారు చెప్పలేదు. కాని వ్యాయామమే గుజ్జును తినివేయునను మాటకు ఇది యెదురు సాక్ష్యము.

అట్లని యే శ్రమయైనను మంచిదనరాదు. ఆళ్లగడ్డలో శిల్పులు ఉలి, సుత్తి చేతబట్టి, నేలపై మోకాళ్లు మడిచి కూర్చుండి, గంటలకొలది మూర్తులు చెక్కుదురు. అచ్చటి వృద్ధశిల్పి యొకరిని అడిగితిని. "లేచేటప్పుడే నొప్పి సామీ, నాలుగడుగులేస్తే సర్దుకుంటాది" అనెను. పైని చెప్పిన శాస్త్రమంతయు ఆ ముక్కలో నున్నదని నాకు తోచినది. బీజింగు నగరపు వృద్ధులను పరీక్షించి 2004లో ప్రకటించినదానిలోను, యౌవనమున దినమునకు మూడు గంటలకు మించి గొంతుక్కూర్చుండినవారికి మోకాటి వ్యాధి హెచ్చుగా కనబడినది. అణచుటయే కాని విడుచుట లేనిచో దూది యేమి పీల్చును?

ఇప్పుడు నేను అరుగుపై కూర్చుండి ఒక్కొక్క కాలు చాచి, పది లెక్కించువఱకు నిలిపి, మెల్లగా దింపుదును. పిదప కాలువగట్టున నడక. మఱునాడు మోకాలు వాచినచో ఆ దినము నడక సగము చేయుదును. కీలు వేడెక్కి జ్వరము తగిలినను, పడినపిదప కాలు మోపలేకున్నను వ్యాయామము మాట విడిచి వెంటనే వైద్యుని చూడవలెను.

వచ్చు కార్తికమున మహానందికి బండిమీదనే పోవుదును గాని, గుడిచుట్టు ప్రదక్షిణము నడిచియే చేయదలచితిని. ఎగువ అహోబిలము మెట్లు నాకు ఇంకను దవ్వే.